కక్షిదారు సొమ్ముకు లెక్క చెప్పించే బాధ్యత ఎవరిది?

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

న్యాయవాదుల చట్టానికి సవరణలు ప్రతిపాదిస్తూ కేంద్ర న్యాయశాఖ 2025 ఫిబ్రవరిలో ఒక ముసాయిదా బిల్లును విడుదల చేయడం, దానిపై దేశమంతటా న్యాయవాదులు నిరసనకు దిగడం, కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం దానిని పక్కనపెట్టి మళ్లీ కొత్తగా తయారుచేస్తామని ప్రకటించడం మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యులు న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో కూర్చుంటే వృత్తి స్వతంత్రతకు చేటు జరుగుతుందని న్యాయవాదులు చేసిన వాదనలో బలం ఉంది. అయితే ఆ చర్చ సాగినంతకాలం ప్రభుత్వ అధికారాల గురించీ న్యాయవాదుల హక్కుల గురించీ మాట్లాడినవారే ఎక్కువ. తన న్యాయవాది వల్లనే నష్టపోయిన కక్షిదారు ఎక్కడికి వెళ్లాలి, వెళితే అతని గోడు ఎన్నాళ్లకు వింటారు అన్న ప్రశ్న దాదాపు ఎవరూ లేవనెత్తలేదు. ఆ ప్రశ్న కోసమే ఈ లేఖ రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం జిల్లాలోని కోర్టుల్లో చిరుద్యోగిగా చేరి శిరస్తాదారుగా, అంటే కోర్టు కార్యాలయ పర్యవేక్షకుడిగా, పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫీజు మాట ఎత్తకుండా జీడిపప్పు కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్ల కేసులు ఏళ్ల తరబడి నడిపిన న్యాయవాదులను, ఒంట్లో బాగోకపోయినా పేద ముద్దాయి తరఫున పొద్దుపోయేదాకా నిలబడి సాక్షిని ప్రశ్నించినవారిని కళ్లారా చూశాను. అలాంటివారు ఈ జిల్లాలో కొల్లలుగా ఉన్నారు. వారి మంచిపేరు నిలబడాలంటే తప్పుచేసిన కొద్దిమందిని విచారించే యంత్రాంగం సామాన్యుడికి అందుబాటులో ఉండాలి. ఇప్పుడు అది చట్టంలో ఉంది కానీ మా జిల్లా మనిషికి అందేంత దగ్గరలో లేదు.

1961కి ముందు న్యాయవాదుల క్రమశిక్షణ విషయంలో తుది మాట హైకోర్టులదే. 1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టం కింద విచారణ బార్ కౌన్సిల్ ట్రిబ్యునల్ జరిపినా, శిక్ష వేసేది హైకోర్టే. 1961 న్యాయవాదుల చట్టం ఆ అధికారాన్ని వృత్తిలోనివారి చేతికే అప్పగించింది. ఆ చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు అందినప్పుడు గానీ, మరే విధంగానైనా తనకు తెలిసినప్పుడు గానీ, న్యాయవాది దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని నమ్మడానికి కారణం కనిపిస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆ విషయాన్ని తన క్రమశిక్షణ సంఘానికి పంపాలి. ముగ్గురు న్యాయవాదులుండే ఆ సంఘానికి సాక్షులను పిలిపించే, కాగితాలు తెప్పించే విషయంలో సివిల్ కోర్టుకు ఉన్న అధికారాలే ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్‌కు కూడా నోటీసు ఇచ్చి, ఇరుపక్షాలనూ విన్న తరువాత ఫిర్యాదును కొట్టివేయవచ్చు, న్యాయవాదిని మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేయవచ్చు, జాబితా నుంచి పేరే తొలగించవచ్చు. అరవై రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆ పైన మరో అరవై రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. కాగితం మీద ఇది పకడ్బందీ ఏర్పాటే. తమ వృత్తిని తామే సరిదిద్దుకుంటామన్న న్యాయవాదుల మాటను పార్లమెంటు నమ్మి ఇచ్చిన అధికారం ఇది.

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కక్షిదారులకు, న్యాయవాదులకు మధ్య వచ్చే పేచీల్లో అధిక భాగం డబ్బు దగ్గరే వస్తాయి. వంశధార రిజర్వాయరు కోసం హిరమండలం చుట్టుపక్కల, తోటపల్లి కాలువల కోసం, భోగాపురం విమానాశ్రయం కోసం, మూలపేట పోర్టు కోసం భూములిచ్చిన రైతులు ఇక్కడ వేల మంది ఉన్నారు. ఇచ్చిన పరిహారం చాలదని కోర్టు మెట్లెక్కినవారికి పెంచిన మొత్తం చాలా సందర్భాల్లో కోర్టులోనే జమ అవుతుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం మీదుగా పోయే జాతీయ రహదారిపై ప్రమాదాల్లో మనుషులను పోగొట్టుకున్న కుటుంబాలకు వచ్చే పరిహారమూ అంతే. ఒక కుటుంబం జీవితకాలంలో ఒకేసారి చూసే పెద్ద మొత్తం అది. అది కోర్టు ఖాతా నుంచి ఇంటికి చేరే దారిలో న్యాయవాది ఉంటారు. కేసు నడిపే అధికారాన్ని న్యాయవాదికి రాసిచ్చే వకాలత్ ఫారంలో కక్షిదారు తరఫున సొమ్ము తీసుకొని రసీదు ఇచ్చే అధికారం కూడా అచ్చులోనే ఉంటుంది. దాని మీద వేలిముద్ర వేసే మనిషికి ఆ వాక్యం ఎవరూ చదివి వినిపించరు.

ఈ సొమ్ము విషయంలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. కక్షిదారు తనకు అప్పగించిన డబ్బుకు న్యాయవాది లెక్క రాయాలి. ఎంత తీసుకున్నారో, ఎంత ఖర్చుపెట్టారో, ఫీజు కింద ఎంత, ఏ తేదీన మినహాయించుకున్నారో అందులో ఉండాలి. ఖర్చుల కోసం ఇచ్చిన సొమ్మును కక్షిదారు రాతపూర్వక అనుమతి లేకుండా ఫీజు కింద జమచేసుకోకూడదు. కక్షిదారు తరఫున ఎవరి నుంచైనా డబ్బు అందితే ఆ సంగతి వీలైనంత త్వరగా అతనికి తెలియజేయాలి. అడిగినప్పుడు లెక్క నకలు ఇవ్వాలి. కేసు గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం పూర్తిగా నిషిద్ధం. ప్రమాద పరిహారం కేసుల్లో ‘పర్సంటేజీ’ మాట మన ఊళ్లలో ఎంత మామూలుగా వినిపిస్తుందో తెలిసినవారికి, అది నియమాలకు విరుద్ధమని చెబితే నమ్మడం కష్టం. నమ్మడం లేదు కనుకనే, తన వాటా ఎంతో ముందుగా చెప్పని న్యాయవాదిని సైతం కక్షిదారు ప్రశ్నించడు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక వృద్ధురాలు మా సెక్షన్‌కు వచ్చింది. ఎదిగిన కొడుకు లారీ ప్రమాదంలో పోయాడు. తీర్పు జిరాక్సును నాలుగు మడతలు పెట్టి, మందుల షాపువాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ సంచిలో దాచి తెచ్చుకుంది. డబ్బు ఎప్పుడొస్తుందని అడిగింది. రిజిస్టరు తీసి చూస్తే, ఆమె పేరిట పిటిషన్ దాఖలై, ఉత్తర్వు అయి, చెక్కు ఆమె న్యాయవాది సంతకం మీద వెళ్లిపోయి అప్పటికే చాలా నెలలైంది. పిటిషన్ అడుగున ఆమె వేలిముద్ర ఉంది. ఇది మీరు వేసిందేనా అంటే, “ప్లీడరుబాబు ఏలిముద్ర ఎయ్యమన్నారు, ఏసీసినాను. ఎంతొచ్చిందో నాకేటి తెలుసు బాబూ” అన్నది. రిజిస్టరులోని అంకె చదివి వినిపించినప్పుడు ఆమె ఏడవలేదు, అరవలేదు. ఆ అంకె మళ్లీ ఒకసారి చెప్పమని మాత్రం అడిగింది. ఫిర్యాదు రాయిస్తానంటే వద్దన్నది. రెండో కొడుకు భూమి దావా కూడా ఆ న్యాయవాది దగ్గరే ఉందట. కాగితాలన్నీ ఆయన బీరువాలో ఉన్నాయి. మా అధికారికి చెప్పాను. ఆమె నుంచి రాతపూర్వకంగా ఏదైనా వస్తే తప్ప ముందుకు వెళ్లలేమన్నారు. ఆమె నుంచి ఏదీ రాలేదు.

అటువంటి భయంలో ఉన్న కక్షిదారుకు చట్టం అండగా ఉందని చెప్పడానికి రెండు తీర్పులు చాలు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో న్యాయవాది కేసు కాగితాలను తన దగ్గర అట్టిపెట్టుకునే హక్కు లేదని, అడిగినప్పుడు ఫైలు తిరిగి ఇవ్వకపోవడం దుష్ప్రవర్తనే అవుతుందని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లో తేల్చిచెప్పింది. ఫీజు రావలసి ఉంటే దానికోసం వేరే మార్గం చూసుకోవాలే తప్ప కక్షిదారు కాగితాలను తాకట్టులా వాడుకోకూడదన్నది ఆ తీర్పు సారం. రెండవది నా దృష్టిలో ప్రతి కోర్టు ఆవరణలోనూ చదివి వినిపించదగిన తీర్పు. ఉత్తరప్రదేశ్‌లో బైజు అనే నిరుపేద, నిరక్షరాస్యుడైన వృద్ధుడి భూమికి పరిహారంగా కోర్టులో జమ అయిన ₹8,118ని ఆయన న్యాయవాది 1987లో తీసుకొని ఆయనకు ఇవ్వలేదు. ఫిర్యాదు వెళ్లాక రాజీ కుదిరిందంటూ ఆ వృద్ధుడి పేరిట ఒక అఫిడవిట్ కూడా దాఖలు చేశారు. తాను అలాంటిదేదీ ఇవ్వలేదని ఆ వృద్ధుడు చెప్పాడు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మూడేళ్ల సస్పెన్షన్ విధిస్తే, దానిపై ఆ న్యాయవాది సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లారు. 2002లో సుప్రీంకోర్టు ఆ శిక్ష చాలదని, న్యాయవాదుల జాబితా నుంచి పేరునే తొలగించింది. ఎనిమిది వేల రూపాయలు ఒక వృత్తి జీవితంతో పోలిస్తే చిన్న మొత్తమే కదా అని న్యాయస్థానం చూడలేదు; నమ్మి కేసు అప్పగించిన నిస్సహాయుడిని మోసగించిన తీరును చూసింది.

కానీ ఆ తీర్పులోని తేదీలు చూడండి. డబ్బు తీసుకున్నది 1987లో, చివరి మాట వచ్చింది 2002లో. ఫిర్యాదు అందిన ఏడాదిలోగా రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘం తేల్చాలని, తేల్చకపోతే కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అయిపోతుందని చట్టంలోని 36బి సెక్షన్ చెబుతోంది. ఆలస్యాన్ని అరికట్టడానికి పెట్టిన ఈ నిబంధనే పేద కక్షిదారుకు శిక్షగా మారుతోంది. శ్రీకాకుళం నుంచి అమరావతి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఉంది. ఏడాది గడిస్తే కేసు ఢిల్లీకి పోతుంది. వాయిదాకు అక్కడికి వెళ్లిరాగల స్తోమత ఉన్న మనిషి పోగొట్టుకున్న పరిహారం కోసం ఇంతగా తిరగవలసిన మనిషి కాదు. ఈ పరిస్థితిని గమనించే సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో అంజినప్ప కేసులో, రాష్ట్ర బార్ కౌన్సిళ్లు ఏడాదిలోగా ఫిర్యాదులు తేల్చాలని, బదిలీ అయి వచ్చినవాటిని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా ఏడాదిలోగా ముగించాలని చెప్పింది. అనుభవజ్ఞులైన న్యాయవాదులను, విశ్రాంత న్యాయాధికారులను విచారణాధికారులుగా నియమించుకొని, వారి నివేదికపై క్రమశిక్షణ సంఘం నిర్ణయం తీసుకునే వీలును పరిశీలించమని కూడా సూచించింది.

ఆ సూచనను మన రాష్ట్రంలో అమలుచేయడానికి ఉత్తరాంధ్ర కన్నా తగిన చోటు లేదు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ స్థిరపడిన విశ్రాంత న్యాయాధికారులు ఉన్నారు. ఇక్కడి మాట, ఇక్కడి మనుషుల భయం వారికి తెలుసు. విచారణ తేదీ, సమయంతో పాటు చోటును కూడా నిర్ణయించేది క్రమశిక్షణ సంఘం అధ్యక్షుడే కనుక, ఆ చోటు ఎప్పుడూ రాష్ట్ర బార్ కౌన్సిల్ కార్యాలయమే కావాలన్న నిర్బంధం నాకు ఎక్కడా కనిపించలేదు. జిల్లా కోర్టు సముదాయంలో రెండు మూడు నెలలకు ఒకసారి ఒక గది ఇస్తే చాలు. సాక్షి టెక్కలి నుంచి పొద్దున బస్సెక్కి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరుకుంటాడు. విచారణ ఎదుర్కొనే న్యాయవాదికీ అది మేలే; తప్పుడు ఫిర్యాదు నీడలో ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేయవలసిన అవసరం ఆయనకూ తప్పుతుంది.

ఇంకో విషయం కూడా ఇక్కడ చెప్పాలి. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న డి.కె. గాంధీ కేసులో తీర్పు ఇచ్చింది. న్యాయవాది కక్షిదారు నియంత్రణలో, అతని ఆదేశాలకు లోబడి పనిచేస్తాడని, ఇది మామూలు సేవల వంటిది కాదని అందుకు కారణం చూపింది. వైద్యులు మాత్రం 1995 నుంచీ ఆ చట్టం పరిధిలోనే ఉన్నారు. ఆ తీర్పును నేను తప్పుపట్టడం లేదు; గెలుపు ఓటములకు న్యాయవాదిని బాధ్యుణ్ణి చేస్తే రేపు కష్టమైన కేసు ఎవరూ చేపట్టరు. అయితే దాని పర్యవసానాన్ని బార్ కౌన్సిళ్లు గుర్తించాలి. జిల్లా కేంద్రంలో, తక్కువ ఖర్చుతో, న్యాయవాదిని పెట్టుకోకుండానే నడుపుకోగలిగిన ఒక తలుపు కక్షిదారుకు మూసుకుపోయింది. సివిల్ దావా ఉంది, నమ్మకద్రోహం జరిగితే పోలీసు కేసు ఉంది. కానీ సామాన్యుడు దావా నడపాలంటే మళ్లీ ఒక న్యాయవాదే కావాలి, అదే బార్‌లోని మరో న్యాయవాదిపై వకాలత్ వేయడానికి ముందుకు వచ్చేవారు చిన్న ఊళ్లలో అరుదు. కనుక మిగిలిన ఒక్క తలుపైనా తెరిచి ఉండేట్టు చూసే బాధ్యత ఆ తాళంచెవి చేతిలో ఉన్న బార్ కౌన్సిల్‌ది.

కోర్టులు ఏమీ చేయలేవా అన్నది న్యాయమైన ప్రశ్నే. న్యాయవాది లైసెన్సును రద్దు చేసే అధికారం బార్ కౌన్సిళ్లదేనని, కోర్టు ధిక్కార కేసులో సైతం సుప్రీంకోర్టు నేరుగా ఆ శిక్ష వేయజాలదని 1998లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. న్యాయవాదులను ప్రాక్టీసు నుంచి తప్పించే అధికారం తనకే ఇచ్చుకుంటూ మద్రాసు హైకోర్టు చేసుకున్న నియమాలను 2019లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఈ హద్దు ఉండవలసిందే. తన ముందు నిర్భయంగా వాదించవలసిన న్యాయవాది బతుకుతెరువు ఆ న్యాయమూర్తి చేతిలోనే ఉంటే వాదన బలహీనపడుతుంది. అయితే తన ఖాతా నుంచి సొమ్ము ఎలా వెళ్లాలో నిర్ణయించే అధికారం కోర్టుకు పూర్తిగా ఉంది. ప్రమాద పరిహారాన్ని నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలకే జమచేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. భూసేకరణ పరిహారానికీ మిగిలిన కోర్టు డిపాజిట్లకూ ఇదే పద్ధతి మినహాయింపు లేకుండా పాటించాలి. డబ్బు విడుదల ఉత్తర్వు ఇచ్చేముందు కక్షిదారును ఒక్కసారి పిలిచి, మొత్తం ఎంతో తెలుగులో చెప్పి, పాస్‌బుక్కు చూసి, ఆ సంగతి రికార్డులో రాయడానికి ఏ న్యాయాధికారికైనా పది నిమిషాలు చాలు. అనుమానాస్పదమైన వ్యవహారం కోర్టు దృష్టికి వచ్చినప్పుడు కక్షిదారు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా బార్ కౌన్సిల్‌కు నివేదిక పంపడానికీ 35వ సెక్షన్‌లో చోటుంది. భయపడి నోరు విప్పని వృద్ధురాలి తరఫున ఆ పని చేయగలిగింది కోర్టు ఒక్కటే.

న్యాయవాదులపై వచ్చే ఫిర్యాదులన్నీ నిజమని నేను అనడం లేదు. ఓడిపోయిన కోపంతో సొంత న్యాయవాదిపై, కక్షతో ఎదుటిపక్షం న్యాయవాదిపై ఫిర్యాదు చేసేవారు ఉన్నారు. కేసు ఓడిపోవడం దుష్ప్రవర్తన కాదు, చట్టం విషయంలో పొరపాటు అభిప్రాయం చెప్పడం కూడా కాదు. క్రమశిక్షణ విచారణలో రుజువు బలంగా ఉండాలని కోర్టులు పదేపదే చెప్పింది ఇందుకే. పసలేని ఫిర్యాదులను మొదటి వడపోతలోనే ఆపితే నిజమైనవాటికి సమయం మిగులుతుంది. విధుల బహిష్కరణ గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను: సమ్మెచేసే హక్కు న్యాయవాదులకు లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత కూడా, సాక్ష్యం చెప్పడానికి కూలి మానుకొని వచ్చినవాళ్లు వట్టి చేతులతో తిరిగివెళ్లడం నేను సర్వీసులో ఉన్నంతకాలం చూశాను.

చివరగా కక్షిదారులకు తెలియవలసిన కొన్ని సంగతులు రాస్తాను. మీ పత్రిక దీన్ని ప్రచురిస్తే ఎవరికైనా పనికిరావచ్చు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఇచ్చే ఫిర్యాదు ఇంగ్లీషులోనే ఉండనవసరం లేదు. రాష్ట్ర అధికార భాషలో ఇచ్చే వీలు బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది కనుక తెలుగులో రాయవచ్చు. అది పిటిషన్ రూపంలో ఉండాలి, సంతకం చేసి, అందులోని విషయాలు నిజమని ధ్రువీకరించాలి, నిర్ణీత రుసుము చెల్లించాలి. రాసుకోలేనివారు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి సాయం అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫిర్యాదుకు ముందే న్యాయవాదికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాసి తన సొమ్ముకు లెక్క ఇమ్మని అడిగి, ఆ రసీదు దాచుకోవడం మంచిది. తీర్పు నకలు, సొమ్ము విడుదల చేసిన ఉత్తర్వు నకలు కోర్టులో దరఖాస్తు పెట్టుకొని తీసుకోవాలి. చెక్కు ఎవరి పేరిట, ఏ తేదీన వెళ్లిందో అందులో తేలుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ ఎవరు అడిగినా వేయకూడదు; రాసి ఉన్న కాగితం మీద వేయవలసి వస్తే అందులో ఏముందో ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత శిరస్తాదారు,
శ్రీకాకుళం